గుండీ ఇంటి గుమ్మంలో అనకూడని మాట

జిరాక్సక్క చెల్లెల్ని వదిలించుకుందని మీరు వినే ఉంటారు. కుట్టుమిషను వదిన చెప్పి ఉంటుంది, లేదంటే ఆమె దగ్గర విన్నవాళ్ళు చెప్పి ఉంటారు. ఇంకాస్త ఉప్పూ కారం చేర్చేవాళ్ళయితే, ఆ పిల్ల కొత్తింట్లో ఉండలేక మూడు వారాలు తిండి మానేసి ఏడ్చిందని కూడా అని ఉంటారు. అందులో తిండి మాట ఒక్కటే నిజం, అదీ సగమే. ఏడ్చింది ఆ పిల్ల కాదు. అసలు ఆమె పిల్లే కాదు, అప్పటికే ముప్పై ఒకటి నిండిన మనిషి. ఇక వదిలించుకోవడమంటారా, ఎవరు ఎవర్ని వదిలారో మొదట్నుంచీ వింటే మీకే తెలుస్తుంది.

పెద్దాఫీసు ఎదురుగా మెట్ల కింద ఉన్న కొట్టు జిరాక్సక్కది. ఒకరు లోపలికి రావాలంటే ఇంకొకరు పక్కకి తిరిగి నిలబడాలి, అంత కొట్టు. రెండు మిషన్లున్నాయి. ఒకటి పనిచేస్తుంది, రెండోది కాగితాలు మింగుతుంది. మూలన ఎత్తు స్టూలు మీద చెల్లెలు కూర్చునేది. వచ్చిన కాగితాల్ని వరస ప్రకారం పేర్చి, అంచులు బల్లకి తాటించి, పిన్ను కొట్టి ఇచ్చేది. చిన్నప్పుడు ఎవరి చొక్కా దొరికినా గంటలకొద్దీ గుండీలు విప్పుతూ పెడుతూ కూర్చునేదట, అలా గుండీ అన్న పేరు వచ్చి అతుక్కుపోయింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అది జబ్బు కాదు, మందేస్తే తగ్గేదీ కాదు, పుట్టుకే అలా. మాట కొంచెం ముద్దగా వస్తుంది. కొత్త పని నేర్చుకోవడానికి మనకంటే నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, నేర్చుకున్నాక మాత్రం చచ్చినా మరిచిపోదు.

మాట విషయంలో ఆమె దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి ప్లీడరు గుమాస్తా కాగితాలిచ్చి, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గుండీ ఆ కాగితాలు రెండు చేతుల్తో ముందుకు చాపి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడే ఉంది.

"నలభై నిమిషాలు," అంది. "అబద్ధాలకోరు."

గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. "జిరాక్సక్కా, మా జడ్జిగారు కూడా నన్ను ఇంత మాట అనలేదు!"

అమ్మా నాన్నా పోయాక గుండీని అక్కా బావా చూసుకున్నారు. బావ లిఫ్టు మెకానిక్. వాళ్ళకి పిల్లల్లేరు. రోజులు బాగానే గడిచిపోయేవి, జిరాక్సక్క కాగితం కట్టలు దించబోయి నిచ్చెన మీంచి పడకపోతే. చీలమండ విరిగింది. ఆరు రోజులు ఆస్పత్రి. మొగుడు ఆమె మంచం పక్కనే ఉండాల్సొచ్చింది. గుండీని ఇరుగుపొరుగు వాళ్ళు పంచుకున్నారు. పొద్దున కుట్టుమిషను వదిన ఇల్లు, మధ్యాహ్నం మందులషాపు వాళ్ళిల్లు, రాత్రికి ఇంకొకరిల్లు. అందరూ మంచివాళ్ళే, కడుపునిండా పెట్టారు. కానీ ఏడో రోజు జిరాక్సక్క కర్రల మీద ఇంటికొచ్చేసరికి, గుండీ తన ఇంట్లోనే, తన కుర్చీలోనే, స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకుని, చెప్పులేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది.

అక్క మొహం చూసి, "ఇప్పుడు ఎవరింటికి?" అంది.

ఆ మాటతో జిరాక్సక్కకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇది ఆరు రోజులు, రేపు తనకి ఏమన్నా అయితే? కాలు కట్టు ఇంకా విప్పకముందే చెల్లెలికంటూ ఒక ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. బావ ఎన్నిసార్లు "కాస్త ఆగవే, ఎముక అతుక్కోనీ" అన్నా వినలేదు.

ముందు ఊరి చివర పెద్ద ఆశ్రమానికి తీసుకెళ్ళింది. నలభై మంచాలు రెండు వరసలుగా ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే రంగు దుప్పట్లు. నేల అద్దంలా ఉంది. "ఇక్కడ ఏ లోటూ ఉండదమ్మా" అంది అక్కడి మేనేజరమ్మ. గుండీ వరస చివరిదాకా నడిచి వెనక్కొచ్చి, "నా తలుపేది?" అని అడిగింది. తలుపు ఒకటే, అది అందరిదీ. గుండీ ఆ తలుపులోంచే బయటికి నడిచి, గేటు దగ్గర నిలబడింది.

తర్వాత ఒక రిటైరైన నర్సమ్మ. తన ఇంట్లో ఒక గది ఇస్తానంది, చేతులు పట్టుకుని, "నా కూతురిలా చూసుకుంటా తల్లీ" అంది. గుండీ చేతులు వెనక్కి తీసుకుని, "నాకు అమ్మ ఉంది. చచ్చిపోయింది," అంది. నర్సమ్మకి తత్తరపడి తాగబోయిన నీళ్ళు పొలమారాయి. కాఫీ అయినా తీసుకోకుండా వచ్చేశారు.

పోనీ పక్క వాటాలో ఒక గది అద్దెకి తీసుకుని, పొద్దునొక గంట సాయంత్రమొక గంట మనిషిని పెడితే? దానికి బావ నవ్వాడు.

"ఆ గోడకి చెవి ఆనించి నువ్వు పడుకోవడానికా? అది దగ్గితే నువ్వు లేస్తావు, నువ్వు లేస్తే నేను లేవాలి."

"మీకంతా వేళాకోళమే."

"వేళాకోళం కాదే. అప్పుడది వేరే ఇల్లెలా అవుతుంది, మనింటికి కట్టిన ఇంకో గది అవుతుంది గానీ."

నాలుగోది రెండు బస్సులు మారి వెళ్ళే చోటు. మేడ మీద రెండు గదులు, కింద రెండు. నలుగురికి చోటు, ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. మెట్ల పక్క చిన్న గదిలో తోడుండే ఆవిడ ఒకరు. ఆవిడ నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి గుండీ వెళ్ళిన పది నిమిషాల్లోనే తాళాల ఆంటీ అని పేరు పెట్టేసింది. తాళాల ఆంటీ వండి పెట్టదు, బట్టలుతకదు. వాళ్ళు చేసుకుంటుంటే దగ్గరుండి చూస్తుంది, తప్పితే చెప్తుంది. కింద గదిలో మొక్కల నర్సరీలో పనిచేసే యాభై ఏళ్ళాయన ఉన్నాడు, ఆయన్ని అందరూ తోట అంటారు. మేడ మీద ఒకమ్మాయి హోటల్లో దుప్పట్లు మడతపెడుతుంది, పొద్దస్తమానం పాడుతూనే ఉంటుంది కాబట్టి రేడియో. వాళ్ళిద్దరూ గుండీలాంటివాళ్ళే. ఇంకొకతను రాత్రి షిఫ్టు బేకరీలో, ఎవరికీ పెద్దగా కనపడడు.

గుండీ ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపేసింది, తీసింది. మళ్ళీ వేసింది. లోపల్నుంచి, "అక్కా, కొట్టు," అంది. జిరాక్సక్క తలుపు కొట్టింది. "ఎవరూ?" అంది గుండీ. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఒక నెల చూద్దామండీ," అంది తాళాల ఆంటీ. "నెలపాటు పనికి పంపం, ఇల్లు అలవాటు కావాలి. బాగుంటే పక్కనే ప్రింటింగ్ ప్రెస్సులో పని చూస్తాం. ముప్పయ్యో రోజున కూర్చుని మాట్లాడుకుందాం. ఇమడకపోతే మాత్రం గది తర్వాతి వాళ్ళకివ్వాలి, పదకొండు మంది ఎదురుచూస్తున్నారు."

దింపిన రోజు జిరాక్సక్క బీరువా సర్ది, పక్క వేసి, కిటికీ గడియ మూడుసార్లు చూసి, ఇంక చేయడానికేమీ లేక గుమ్మంలో నిలబడింది. "వెళ్ళొస్తానే గుండీ," అంది.

"ఊఁ," అంది గుండీ.

అక్కణ్ణుంచీ మొదలైంది. రెండో రోజు రాత్రే తాళాల ఆంటీ ఫోను.

"ఏం లేదండీ, కంగారు పడకండి. సాయంత్రం ఆరు కాగానే కుర్చీ లాక్కొచ్చి వీధి తలుపుకి ఎదురుగా కూర్చుంటోంది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంటుంది గానీ తినదు. తినమ్మా అంటే 'ఉండండి' అంటుంది. తొమ్మిదింటికి సగం తిని, సగం డబ్బాలో పెట్టుకుని లోపలికెళ్తోంది."

"ఏడుస్తోందా?"

"లేదండీ. తలుపు చూస్తోంది."

ఏడ్చినా బాగుండేది అనుకుంది జిరాక్సక్క. మూడో రోజు కొట్టు త్వరగా మూసి రెండు బస్సులెక్కి వెళ్ళేసరికి ఆరు దాటింది. గుండీ కుర్చీలోంచి లేవలేదు.

"ఇప్పుడా వచ్చేది?" అంది.

ఆ మాట జిరాక్సక్క గుండెలో ముల్లులా దిగింది. గంట కూర్చుని, తల నిమిరి, పళ్ళెం తినిపించి, "వెళ్ళొస్తానమ్మా" అని లేచింది. మర్నాడు మళ్ళీ ఫోను. కుర్చీ, తలుపు, సగం పళ్ళెం. ఈసారి పదింటిదాకా కూర్చుందట. రోజు విడిచి రోజు వెళ్ళసాగింది. వెళ్ళేకొద్దీ గుండీ మొహం బిగుసుకుపోయింది, కుర్చీలో కూర్చునే సమయం పెరిగింది.

కొట్లో జిరాక్సక్కకి పని మీద ధ్యాస లేదు. ఒకరి ఇంటి కాగితాలు ఇంకొకరికిచ్చింది. ఒకాయన గుర్తింపు కార్డు తలకిందులుగా లామినేషన్ చేసి చేతిలో పెట్టింది. ప్లీడరు గుమాస్తాకి పేజీలు వరస తప్పి, తీర్పు ముందూ ఫిర్యాదు వెనకా వచ్చాయి. "అక్కా, నా కేసు గెలిపించేశావు గదా," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే తీసి చూసుకునేది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే బావ, "ఆ లిఫ్టులు నయమే, ఏదో ఒక అంతస్తులో ఆగుతాయి," అన్నాడు.

కుట్టుమిషను వదిన ఊరుకుంటుందా.

"తోడబుట్టినదాన్ని పరాయివాళ్ళ దగ్గర పెట్టి నువ్వేం తింటావే? మేం లేమూ, తలా ఒక పూట చూసుకోమూ?"

"చూసుకున్నారుగా వదినా."

"ఏం, తక్కువ చేశామా?"

"లేదు," అంది జిరాక్సక్క. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషిని వదిన చూడలేదు కదా.

ఇరవై మూడో రోజు తాళాల ఆంటీ గొంతు మారింది. "ఇంక మనం ఆలోచించుకోవాలండీ. చెల్లెలు పగలంతా హుషారే. బల్ల తుడుస్తుంది, తోటతో పేకాట ఆడి గెలుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి ఆ కుర్చీ. రాత్రి కూడా లేచి తలుపు గడియ చూసి వెళ్తోంది. ఇంటి మీద బెంగేమో. బలవంతంగా ఉంచడం మా పద్ధతి కాదు."

మర్నాడు జిరాక్సక్క పెద్ద సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఖాళీ సంచి ఎందుకు?" అన్నాడు బావ.

"నింపుకొస్తా."

ఆయన ఆ రోజుకి లిఫ్టుల పని మానుకున్నాడు. కొట్టు తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి చేరింది. గుండీ వంటగదిలో ఉంది. జిరాక్సక్క నేరుగా గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి, బట్టలు తీసి సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. వెనక గుండీ వచ్చి నిలబడింది.

"తలుపు కొట్టలేదు నువ్వు."

"ఇంటికి వెళ్దాం పదవే."

"ఇల్లే ఇది." గుండీ సంచిలోంచి స్వెట్టరు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. అక్క ఇంకోటి తీసింది. చెల్లెలు అదీ తిరిగి పెట్టింది. ఇద్దరూ ఒక లంగా చెరో అంచూ పట్టుకుని నిలబడ్డారు.

"అన్నం తినట్లేదంటగా నువ్వు?"

"తింటా. నువ్వొస్తే తింటా."

"వచ్చానుగా మరి! రోజు విడిచి రోజు వస్తూనే ఉన్నానుగా!"

"ఇప్పుడు మూడు గంటలు," అంది గుండీ. "వెళ్ళొస్తా అన్నది మొన్న. సాయంత్రం. నేను చూశా. నువ్వు రాలేదు. అబద్ధాలకోరువి."

జిరాక్సక్క చేతిలోంచి లంగా జారింది.

గుండీ వంటగదిలోకి వెళ్ళి మూత డబ్బా ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. లోపల నిన్న రాత్రి అన్నం, సరిగ్గా సగం. "నీది," అంది. "చల్లారిపోయింది. రోజూ చల్లారిపోతోంది. మనింటికి ఎవరన్నా వస్తా అంటే మనం ముందు తినేస్తామా? అమ్మ తినేదా?"

ఇరవై నాలుగు రోజుల్నుంచీ ఆ కుర్చీలో కూర్చున్నది ఇంటి మీద బెంగ పెట్టుకున్న మనిషి కాదు. చుట్టం వస్తానంటే పళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తున్న ఇంటావిడ.

ఆలోచించి చూడండి, ఆమె తప్పేముంది? బావ పొద్దున వెళ్ళొస్తా అని వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. అక్క బజారుకి వెళ్ళొస్తా అని గంటలో వచ్చేది. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఒక్క పూట కూడా బొంకలేదు. మనం ఎవరింటి నుంచి లేచినా అలవాటుగా వెళ్ళొస్తా అనేస్తాం. వస్తామో రామో మనకే తెలీదు. అన్నవాళ్ళూ మరిచిపోతారు, విన్నవాళ్ళూ మరిచిపోతారు. గుండీ మరిచిపోలేదు, అంతే.

జిరాక్సక్క మంచం అంచున కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. వీధిలో చెప్పుకునే ఏడుపు ఇదే. శబ్దానికి తాళాల ఆంటీ వచ్చింది, వెనకే తోట, రేడియో. విషయం విన్నాక తాళాల ఆంటీ నెత్తి కొట్టుకుంది. "నేనూ రోజూ మార్కెట్టుకి వెళ్తూ అదే అంటున్నా. నేను వచ్చేస్తాను కాబట్టి నాకు తెలీలేదు! ఇంక మీరు వెళ్తున్నాను అనండి, సరిపోతుంది."

"వెళ్తున్నాను అనా?" జిరాక్సక్క ముక్కు తుడుచుకుంది. "అలా అని ఎలా వస్తానండీ, గుమ్మంలో నిలబడి! నోరు రాదు నాకు."

"నేర్చుకో," అంది గుండీ. "చెప్పు. వెళ్తున్నా."

"వెళ్..." అంది జిరాక్సక్క. "వెళ్ళొస్తా."

"తప్పు. మళ్ళీ."

"వెళ్... ళొస్తానే, ఏం చేయనే, అదే వస్తోంది!"

రేడియో పడీ పడీ నవ్వింది. తోట మాత్రం నవ్వలేదు. "మా అన్నయ్య బై అంటాడు," అన్నాడు. "బై అని వెళ్ళాడు. రెండేళ్ళయింది." గుండీ ఒకసారి ఆయన వైపు చూసి, అక్క వైపు తిరిగి, "ఎప్పుడొస్తావో చెప్పు. రోజు చెప్పు," అంది.

జిరాక్సక్క గబగబా మనసులో లెక్కేసుకుంది. రేపు అందామనుకుంది, ఎల్లుండి అందామనుకుంది. ఆ రెండు బస్సులు, కొట్టు, కాలు నొప్పి గుర్తొచ్చాయి. చెప్పాక రాకపోతే ఈ మనిషి దగ్గర మళ్ళీ నోరెత్తడానికి ఉండదు.

"ఆదివారం," అంది. "ఆదివారం పదింటికి."

"ఆదివారం పదింటికి అక్క," అని గుండీ గోడ మీది క్యాలెండరులో తనే గీత గీసుకుంది. "ఇప్పుడు వెళ్ళు."

"ఉండవే, సాయంత్రం దాకా..."

"గదులు ఊడ్చే వంతు నాది."

గుమ్మం దగ్గర జిరాక్సక్క రెండుసార్లు నోరు తెరిచి మూసింది. మూడోసారి, "వెళ్తున్నానే," అంది. చెడ్డమాటేదో అన్నట్టు వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఊఁ," అని గుండీ తలుపు వేసేసింది. జిరాక్సక్క రెండో చెప్పులో ఇంకా కాలు కూడా పెట్టలేదు.

బస్టాపు దగ్గర ఆగలేదామె. కుంటుకుంటూనే రెండు స్టాపులు నడిచింది. ఖాళీ సంచి ఎలా పట్టుకోవాలో తెలీక ఈ చంకలోంచి ఆ చంకలోకి మారుస్తూనే ఉంది. చెల్లెలు బాగుందని తెలిసింది కదా, నెమ్మది కలగాలి కదా. కలగలేదు. చెల్లెలు బట్టలు తిరిగి బీరువాలో పెట్టేస్తుంటే, నీతో వస్తానని ఒక్కసారైనా ఏడుస్తుందేమోనని చూసింది తను. ఆ సంగతి మొగుడికి కూడా చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి గుండీ కుర్చీ వేసుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని పళ్ళెం మొత్తం తినేసి, రేడియో పళ్ళెంలోంచి కూడా కొంచెం లాక్కుందని తాళాల ఆంటీ ఫోను చేసింది. ముప్పయ్యో రోజున అందరూ కూర్చున్నప్పుడు, ఇక్కడ ఉంటావా అని అడిగితే, "ఉంటున్నా కదా," అని విసుక్కుంది. కాగితం మీద పేరు రాయడానికి ఏడు నిమిషాలు పట్టింది. అందరూ ఆగారు.

ఇది జరిగి రెండేళ్ళు. గుండీ ఇప్పుడు ప్రెస్సులో కరపత్రాలు మడతపెడుతుంది. జిరాక్సక్క ఆదివారం పదింటికి తలుపు కొడుతుంది, "ఎవరూ?" అనిపించుకుని లోపలికి వెళ్తుంది. వారం మధ్యలో ఇప్పటికీ ఆమెకి కుదురు లేదు. గురువారం వచ్చేసరికి ఫోను తీయడం, పెట్టడం. వెళ్దామంటే, చెప్పని రోజు వెళ్తే గుండీ లోపలికి రానివ్వదు. మొన్నామధ్య బుధవారం వెళ్ళి గుమ్మంలోంచే తిరిగొచ్చింది పాపం. అక్కకి ఉన్నన్ని నిబంధనలు వేరేవాళ్ళకి లేవు, వేరేవాళ్ళు ఎప్పుడొచ్చినా గుండీకి ఇష్టమే.

అందుకని అడిగేది ఒక్కటే. మీలో ఎవరైనా ప్రెస్సు వీధి వైపు వెళ్తే, ఆ మేడ దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగి గుండీ ఎలా ఉందో చూడండి. తిన్నదా, ఈమధ్య పట్టుకున్న దగ్గు తగ్గిందా, చూసి దారిలో జిరాక్సక్క చెవిన వేయండి, గురువారమైతే మరీ మేలు. తోటని కూడా పలకరించండి, ఆయన దగ్గరికి ఎవరూ రారు. తలుపు కొట్టండి. లేచేటప్పుడు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పండి, రాలేకపోతే రాలేనని చెప్పండి, ఆమె ఏమీ అనుకోదు. మంగళవారం మాత్రం వద్దు. ఆ రోజు గిన్నెలు తోమే వంతు గుండీది, ఎవరొచ్చినా పలకదు.